అరవై ఒకటో బండి

బెల్టు తీసెయ్యండి, అంటాను.
పొద్దున్నుంచీ అదే మాట, ప్రతి కిటికీలోకీ వంగి.
కొత్తవాళ్ళు నా టోపీ మీది బిళ్ళకేసి అనుమానంగా చూస్తారు,
దీవి పిల్లలు అప్పటికే విప్పుకుని కూర్చుంటారు.

నేల మీదైతే అది ప్రాణం నిలబెట్టే పట్టీ.
ఇక్కడ నేల లేదు.
హీయుమా దీవికీ ఎస్తోనియా ఒడ్డుకీ మధ్య
ఇరవై ఆరు కిలోమీటర్ల సముద్రం
గట్టి చలి పడిన ఏడు మాత్రం
కొన్నాళ్ళు రోడ్డు వేషం కడుతుంది.
మంచు పగిలితే
తలుపు తోసుకుని బయటపడాలి, అంతే.
జానెడు పొట్ట కోసం ఏడాదంతా పడవలెక్కేవాళ్ళం
జానెడు మంచు మీద కార్లు నడుపుతాం.

బోర్డు మీదిదంతా నాకు కంఠతా.
ముందు బండికి పావు కిలోమీటరు ఎడం.
ఆగొద్దు, ఫొటో కోసమైనా,
దారి తప్పిన సీల్ పిల్ల కళ్ళెత్తి చూసినా.
వేగం ఇరవై ఐదు లోపు, లేదా నలభై పైన.
ఆ మధ్యది మాత్రం వద్దు:
ఆ వేగానికి కింది నీళ్ళు అలై లేచి
చక్రాల కింద మంచును విరిచేస్తాయి.
నిదానమే ప్రధానమంటారు గానీ
ఇక్కడ నిదానానికీ ఒక గీత ఉంది.
కొంప మునగడమన్నది
ఇక్కడ మాటవరసకి అనే మాట కాదు.

అయిదుంబావుకి వాంబొలా ఫోను, అవతలి ఒడ్డు నుంచి.
"అరవై ఒకటి పంపాను. ఆఖరిది నాలుగున్నరకి."
నా పుస్తకంలో అరవై.
మళ్ళీ లెక్కపెట్టాను, వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా.
అరవై.

నిచ్చెన, తాడు, టార్చి బల్ల మీదకెక్కించాను.
దారి గుర్తుకి మంచులో గుచ్చిన జునిపెర్ కొమ్మలు
ఒక్కొక్కటే చీకట్లోకి పోతున్నాయి.
ఎంతసేపు నిలబడ్డానో,
మీసం మీద ఊపిరి గడ్డకట్టింది.

అప్పుడు రెండు లైట్లు.
తొందర లేదు వాటికి, పెళ్ళిచూపులకొచ్చినట్టు.
బూడిదరంగు పాత కారు, కిటికీ దించి ఉంది,
స్టీరింగు మీద చేతులు గడియారంలో పదీ రెండూ.
మైము గారు!
అద్దం చూడకుండా మలుపు తిప్పానని
నా పద్దెనిమిదో ఏట
లైసెన్సు పరీక్షలో నన్ను రెండుసార్లు తప్పించిన మనిషి.

"ఇంతసేపా అండీ, గుండె ఆగినంత పనైంది."
"ఇరవై ఐదు లోపని మీరే కదా రాశారు. ఇరవైలో వచ్చాను."
"నలభై పైనా వెళ్ళొచ్చు కదా."
"అది నీలాంటివాళ్ళ కోసం."

కాసేపాగి, గొంతు తగ్గించి అంది:
"నలభై మూడేళ్ళు 'ముందు బెల్టు' అన్న నోరిది.
విప్పమని నాకు నేను చెప్పుకోడానికి
అవతలి ఒడ్డునే పది నిమిషాలు పట్టింది.
దారంతా ఒళ్ళు గాల్లో ఉన్నట్టే ఉంది."
చక్రాల కిందికి చూసింది.
"ఇది నేలేనా?"

బూటుతో గట్టిగా తన్ని చూపించాను.
గులకరాళ్ళు చప్పుడు చేశాయి.
"నేలే."

టక్.
ఆ చప్పుడుకి ఆమె భుజాలు కిందికి దిగాయి.

కదలబోతూ మళ్ళీ ఆగింది.
"చీకటి పడింది. నీ రిఫ్లెక్టరేది?"
జేబులు తడుముకున్నాను. ఇంట్లో ఉంది, పాత కోటుకి.
డాష్‌బోర్డు అరలోంచి ఒకటి తీసి,
కిటికీలోంచి చెయ్యి చాపి
నా చొక్కా అంచుకి పిన్ను గుచ్చింది,
మూడోసారి తప్పించినంత కోపంగా.

పుస్తకంలో అరవై ఒకటి రాశాను, పెన్సిలు వణికింది.
పైన కూడలిలో ఒక్క బండీ లేదు,
మనిషి లేడు, కుక్క కూడా లేదు.
ఆమె ఆగింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది.
ఇండికేటరు వేసింది.
పసుపు వెలుగు మంచు గుట్టల మీద
వెలుగుతూ ఆరుతూ,
ఎవరూ లేనివాళ్ళకి కూడా
తను ఎటు తిరుగుతోందో చెబుతూ.